ఆకుపచ్చ పెయింటు కింద పనస చెక్క

పోయిన ఏప్రిల్లో కవిటి నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. పెంకుటిల్లు విప్పేస్తున్నాం, పాత సామానంతా కలప కొనేవాడికి మాట్లాడేశాను, నీకేమైనా కావాలంటే ఆదివారంలోగా వచ్చి పట్టుకెళ్లు అన్నాడు. ఆ ఇల్లు మా మామ్మది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. జీడితోటలు, కొబ్బరి, పనస, ఇసుక నేల... ఉద్దానం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేముండేదేమో శ్రీకాకుళంలో రెండు గదుల అద్దె వాటా. తెచ్చి ఎక్కడ పెడతావు అని మా ఆయన అడిగిన దాంట్లో న్యాయముంది. అయినా నా మనసు ఆగలేదు, వెళ్లాను.

తెచ్చుకున్నవి మూడే. మామ్మ భోషాణం, నవారు మంచం కోళ్లూ పట్టెలూ, అటక గదికి ఉన్న చిన్న తలుపు రెక్క. బండి కిరాయి అడిగితే గుండె ఆగినంత పనైంది. అప్పుడు చిన్నాన్నే సోంపేటలో విచారించి, సరుకు దింపేసి ఖాళీగా శ్రీకాకుళం వెళ్లిపోతున్న లగేజీ ఆటోని 1,800కి మాట్లాడాడు. మీరూ పాత సామాను తెచ్చుకోవాలనుకుంటే ముందు ఇలా తిరుగు ప్రయాణం బండి ఉందేమో చూసుకోండి, మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది దీనికే.

భోషాణం మీద ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు ఉండేది. నేను స్కూల్లో చదువుకునే రోజుల్లో ఎవరి పెళ్లికో ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన డబ్బా దీనికి కొట్టేశారు. మూలల్లో పెచ్చులూడి, కింద నల్లగా మురికి పట్టి ఉంది. మొదట చూపించిన వడ్రంగి, ఇది ఎందుకమ్మా ఇలా ఉంచడం, పైన ప్లైవుడ్ కొట్టి సన్మైకా అంటించేస్తే కొత్త టీవీ స్టాండులా ఉంటుంది, 9,000 అవుతుంది అన్నాడు. ఆ డబ్బు నా దగ్గర లేదు. ఉన్నా చేయించి ఉండేదాన్ని కాదేమో, అప్పటికి మాత్రం ఏం చెయ్యాలో తెలియక పెట్టెను వరండాలో అలాగే ఉంచేశాను.

తర్వాత మా వీధి చివర తలుపులు చేసే పెద్దాయన ఒకరు దారిన పోతూ ఆగారు. చేతిలో ఉలి ఉంది. చెప్పాపెట్టకుండా పెట్టె అడుగున, ఎవరికీ కనిపించని చోట, గోరు వెడల్పున ఒక్క గీత గీశారు. పచ్చ పొర కింద నల్లగా ఉంది, ఆ నలుపు కింద పసుపు. మామూలు పసుపు కాదు, కొమ్ము పసుపు విరిస్తే లోపల కనిపించే రంగు.

"ఇది పనస గదమ్మా! మీ ఉద్దానం పనస. దీనికి సన్మైకా ఏటి?" అన్నారు.

ఆ గీత చూశాక నాకు ఇంకేం ఆలోచన రాలేదు. పనస చెక్క కోసినప్పుడు పసుపుగా ఉంటుంది, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ ఏళ్ల మీద ముదిరి ఎర్రటి గోధుమ రంగులోకి మారుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది దీనితోనే, ఒకే దుంగను తొలిచి. మా మామ్మ పెరట్లో నాలుగు పనస చెట్లుండేవి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ నాలుగింటినీ వేళ్లతో సహా పడగొట్టింది. అక్కడ ఏ ఇంటివాళ్లనడిగినా ఇలాంటి లెక్కే చెప్తారు, కొబ్బరి ఇన్ని, జీడి ఇన్ని, పనస ఇన్ని అని వేళ్లు మడిచి మరీ. మళ్లీ నాటినవి ఈ పెట్టెకు సరిపడా చేవ పట్టాలంటే ఎన్నేళ్లు కావాలి! అందుకే పాత చెక్క సామాను తీసేద్దాం అనేవాళ్లతో నేను ఈమధ్య కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. కొత్తగా కొనే పార్టికల్ బోర్డు టేబుల్ ఒక్కసారి నీళ్లు తాగిందంటే ఉబ్బిపోతుంది, దాన్ని బాగు చేసే దారే లేదు. ఈ చెక్క అలా కాదు, పైనున్నది తీస్తే లోపల ఇంకా బతికే ఉంటుంది.

సరే, పని సంగతి. పాత పెయింటుని ఎండు ఉప్పుకాగితంతో బరబరా రుద్దేయకండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ ఏదైనా సీసం ఉందనే అనుకుని పని చేయాలి. ఆ దుమ్ము పీల్చినా, చేతికంటి నోట్లోకి పోయినా పిల్లలకు చాలా చెడ్డది. నేను హార్డ్‌వేర్ షాపులో పెయింట్ రిమూవర్ అర లీటరు కొని, వరండాలోంచి పెట్టెను పూర్తిగా బయటికి లాగి, చేతులకు దళసరి గ్లవ్స్, ముక్కుకు మాస్క్ పెట్టుకుని బ్రష్‌తో పూశాను. దాని ఆవిరి ఘాటు తట్టుకోవడం కష్టం, మూసిన గదిలో అసలు చేయకూడదు, మాస్క్ ఆపేది దుమ్మునే గానీ ఆవిరిని కాదు. పావుగంటకి పెయింటు చర్మం ముడతలు పడ్డట్టు లేచింది. అప్పుడు పుట్టీ బ్లేడుతో నెమ్మదిగా తోస్తే పాల మీద మీగడలా వచ్చేసింది. కింద పరిచిన పాత ఫ్లెక్సీతో సహా ఆ చెత్తంతా కవర్లో కట్టి పారేశాను. ఇత్తడి గుబ్బల చుట్టూ, మూలల్లో ఇరుక్కున్నది పాత టూత్ బ్రష్‌తో గీకడానికే నాలుగు సాయంత్రాలు పట్టింది.

పెయింటు మొత్తం పోయి, మిగిలిన జిడ్డు టర్పెంటైన్ గుడ్డతో తుడిచాకే ఉప్పుకాగితం. గరుకుగా ఉండే 80 నంబరుతో మొదలుపెట్టి 120, చివర సన్నటి 220. చెక్కలో గీతలు ఎటు పోతున్నాయో అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గాట్లు ఇప్పుడు కనపడవు, పాలిష్ పడ్డాక కనిపిస్తాయి. మెషిన్ అద్దెకిస్తారు, నేను తీసుకోలేదు. ఉప్పుకాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి చేత్తోనే రుద్దాను. మూత పైభాగం ఒక్కటే రెండు ఆదివారాలు పట్టింది. ఒకచోట నునుపు ఎంతసేపటికీ రాలేదు, చూస్తే అక్కడ బాడిసతో చెక్కిన గాట్లు వరసగా ఉన్నాయి. ఆ రోజుల్లో చేసిన వడ్రంగి చిత్రిక సరిగా పట్టని చోట బాడిసతోనే సరిచేశాడన్నమాట. వేలు పెట్టి రాస్తే అలల్లా తగులుతాయి. వాటిని అలాగే ఉంచేశాను.

వెనక పలకకు ఒక అంచున పుచ్చు. పనసలో చేవ ఉన్న చెక్కని పురుగు అంత తేలిగ్గా ముట్టదు, బెరడు పక్కనుండే తెల్ల చెక్కనే తింటుంది. ఈ పలక అంచున ఆ తెల్లది రెండు వేళ్ల మందం ఉంది. సన్న బెజ్జాలు, కింద పౌడర్ రాలినట్టు పిండి. పురుగు ఉందా, ఎప్పుడో తినేసి పోయిందా తెలుసుకోవడానికి పెద్దాయన చెప్పిన ఉపాయం బాగుంది. బెజ్జాలన్నీ దులిపి, కింద నల్ల కాగితం పరిచి వారం కదపకుండా ఉంచాలి, కొత్త పిండి రాలిందంటే లోపల ఉన్నట్టే. నాకు రాలింది. మందుల షాపులో సిరంజి తెచ్చి ప్రతి బెజ్జంలోకీ టర్పెంటైన్ ఎక్కించి, పలకకు ప్లాస్టిక్ కవరు చుట్టి రెండు రోజులుంచాను. తర్వాత మే నెల ఎండలో పెట్టాను. మళ్లీ నల్ల కాగితం. మూడోసారికి కాగితం శుభ్రంగా ఉంది. చూసినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో!

బెజ్జాలు పూడ్చడానికి ఫెవికాల్లో రంపపు పొట్టు కలిపి పెట్టమని అందరూ చెప్తారు. పెట్టొచ్చు గానీ జిగురున్న చోట పాలిష్ ఇంకదు, పాలిపోయిన మచ్చలా మిగిలిపోతుంది. రుద్దినప్పుడు రాలిన అదే చెక్క పొడిని దాచుకుని కాస్త లక్క పాలిష్‌లో తడిపి కూరితే రంగు కలిసిపోతుంది. 

పాలిష్‌కి నేను వాడింది లక్కే. పెచ్చులుగా అమ్ముతారు. లక్క పురుగు చెట్ల కొమ్మల మీద కట్టే గూటి నుంచి వచ్చే బంక ఇది, ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా దీనిదే. 200 గ్రాముల పెచ్చులు ఒక లీటరు స్పిరిట్‌లో వేసి గాజు సీసాలో రాత్రంతా ఉంచితే కరుగుతుంది, పొద్దున్న గుడ్డలో వడగట్టాలి. ఇనుప డబ్బాలో వద్దు, రంగు నల్లబడుతుంది. ఎక్కువ కలిపి నిల్వ పెట్టుకోవద్దు, నెలలు గడిస్తే పాడైపోయి పూసింది సరిగా ఆరదు. స్పిరిట్ దగ్గర పొయ్యి గానీ అగరుబత్తి గానీ ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు కదా. పూయడానికి బ్రష్ కాదు, దూది ఉండ చుట్టూ నూలు గుడ్డ. నూగు రాలని గుడ్డ కావాలి, అందుకు తాతయ్య పాత పొందూరు పంచె ముక్క దొరికింది. ఎన్ని ఉతుకులు పడిందో, వెన్నలా ఉంది. దాంతో పలచగా, ఆగకుండా ఒక్క చేత్తో ఈ చివర్నుంచి ఆ చివరికి లాగాలి.

ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. పని సాగీ సాగీ జులై వచ్చేసింది. ముసురు పట్టిన రోజు, ఇవాళ ఎలాగైనా ఒక పూత వేసేద్దామని తొందరపడి వేశాను. అరగంటలో మూతంతా పాలు చల్లినట్టు తెల్లబడిపోయింది. ఏడుపొచ్చేసింది, మూడు నెలల పని! పెద్దాయనకి ఫోన్ చేస్తే, "ఏటీ కాదమ్మా, కంగారు పడకు, పొడి రోజు చూసి స్పిరిట్ గుడ్డతో ఒక్క తుడుపు తుడు" అన్నారు. స్పిరిట్ ఆవిరవుతున్నప్పుడు పైభాగం చల్లబడుతుంది, గాలిలో తేమ అక్కడ చేరి పొరలో ఇరుక్కుంటుంది, ఆ తెలుపు అదే. లక్క మళ్లీ స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి తుడవగానే తేమకు దారి దొరికింది. నాలుగు రోజులు ఆగి, ఎండ కాసిన మధ్యాహ్నం స్పిరిట్‌లో తడిపి పిండిన గుడ్డతో అలా తాకిస్తే తెలుపు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. పీయూ (పాలీయురెథేన్) లాంటి కొత్త పాలిష్‌లు నీటికి బాగా ఆగుతాయి, కాదనను, కానీ పాడైతే మొత్తం గీకాల్సిందే. లక్క అలా కాదు, పదేళ్ల తర్వాత కూడా పాడైనంత మేర బాగు చేసుకోవచ్చు. దాని మీద వేడి గ్లాసు పెడితే మాత్రం గుండ్రంగా మచ్చ పడుతుంది, మా ఇంట్లో ఇప్పుడు ఆ రూలు కచ్చితం. మొత్తం ఏడు పూతలు వేశాను.

ఇప్పుడది హాల్లో కిటికీ కింద ఉంది. పైన పలచటి పరుపు వేస్తే ముగ్గురు కూర్చునే సోఫా, లోపల దుప్పట్లు, చలికాలం బట్టలు, మా అమ్మాయి పాత పుస్తకాలు. పాదాలు నేల తుడిచే నీళ్లు పీల్చకుండా అరిగిపోయిన హవాయి చెప్పులు కోసి కింద అంటించాను. మూత బరువు, పిల్లల వేళ్ల మీద పడితే ప్రమాదం, అందుకని పక్కన ఒక గొలుసూ, లోపలి అంచుకు రెండు రబ్బరు బిళ్లలూ వేశాను. ఆటో కిరాయి కాకుండా రిమూవర్, ఉప్పుకాగితాలు, లక్క, స్పిరిట్, సిరంజి, గొలుసు అన్నీ కలిపి 1,350 అయింది. పెద్దాయన డబ్బు తీసుకోలేదు, పనస తొనలు మాత్రం తీసుకున్నారు.

అటక తలుపు రెక్కని అమ్మ కుట్టుమిషన్ ఇనుప స్టాండు మీద బిగించాం, అమ్మాయికి చదువుకునే బల్ల అయింది. తొక్కే పలకను తీగతో కట్టేయాలి, లేకపోతే కాలు ఇరుక్కుంటుంది. తలుపు గడియ పెట్టే రంధ్రంలో అమ్మాయి పెన్ను నిలబెట్టుకుంటోంది.

ఒక్క చోట మాత్రం నేను ఉప్పుకాగితం పెట్టలేదు. భోషాణం మూత లోపలి వైపు. అక్కడ పెయింటు పడలేదు. బొగ్గుతో నిలువు గీతలు, నాలుగు గీసి ఐదోది అడ్డంగా, వరస కింద వరస. మామ్మకి చదువు రాదు. కాయలు దింపించిన రోజు ఎన్ని కొబ్బరికాయలు పోగుకి పోయాయో అలా గీసుకునేది, మూత ఎత్తి లెక్క చూసుకుని కూలీ ఇచ్చేది. లక్క పూస్తే బొగ్గు చెదిరిపోతుంది, అందుకని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేశాను. అమ్మాయి ఒకరోజు కూర్చుని అన్నీ లెక్కపెట్టింది. చెరిగిపోయినవి కాకుండా 385.