పదకొండు నెలల అక్కాచెల్లెళ్ళు

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్య పడుకున్నారు. మా ఆయన ముందుగదిలో టీవీ చూస్తున్నట్టు నటిస్తున్నారు. నా కోపం తగ్గిందో లేదో చూద్దామని మంచినీళ్ళ మిషతో ఒకసారి ఇటు వచ్చి వెళ్ళారు. తగ్గలేదు.

పొద్దున పైవాటా అద్దె పత్రం కొత్తగా రాయించాం. పైన అమ్మాయిలిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుని కలిసి బతుకుతున్న జంట. నాలుగేళ్ళుగా ఉంటున్నారు. వాళ్ళ గురించి రాసుకోమని కిందటి దసరాకే అనుమతి ఇచ్చారు, పేర్లు మాత్రం వద్దన్నారు. అత్తయ్యకి వాళ్ళమీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, రాత్రి తొమ్మిదింటికి వేసే ఆ వాషింగ్ మెషీన్. తన మంచం నడుస్తున్నట్టుంటుందట.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట టైపు దుకాణాల వరస ఉంటుంది. అక్కడ మేము ఎప్పుడూ వెళ్ళే లేఖరి తలెత్తకుండా వంద రూపాయల స్టాంపు కాగితాన్ని నింపి ఇచ్చాడు. సంతకం పెట్టేముందు చదువుకున్నాను. మొదటి అమ్మాయి ఫలానావారి కుమార్తె, రెండో అమ్మాయి మరో ఫలానావారి కుమార్తె. ఇంటిపేర్లు వేరు, తండ్రులు వేరు, జిల్లాలు వేరు. ఆ కింది వాక్యం, “పై ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కలిసి నివసించుటకు గాను.”

ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. తనంతట తనే రాసేశాడు. ఇద్దరు ఆడపిల్లలు ఒక ఇంట్లో ఉంటున్నారంటే అతని దగ్గర దానికి తయారుగా ఉన్న మాట అదొక్కటే కాబోలు.

నేను చూశాను, పక్కనే నిలబడ్డ చిన్నమ్మాయి చూసింది. “పోనివ్వండి ఆంటీ,” అని నవ్వింది. నేను సంతకం పెట్టేశాను. అదీ సంగతి. పొద్దున పదకొండింటినుంచి ఇప్పటిదాకా నన్ను గీరుతున్నది ఆ సంతకమే.

జిరాక్సు కోసం వాళ్ళిద్దరూ వెళితే నేను ఎండ భరించలేక ఆఫీసు వరండాలోకి వెళ్ళాను. గోడకి ఇప్పటికీ ఇనుప జాలీ తలుపున్న నోటీసు బోర్డు ఉంది. అందులో ప్రత్యేక వివాహ చట్టం కింద మూడు నోటీసులు. ఫోటోలు, చిరునామాలు, ముప్ఫై రోజుల్లోగా అభ్యంతరాలుంటే తెలపవలసినదిగా అన్న వాక్యం. అన్నీ అలాగే ఉన్నాయి.

1997లో అలాంటి జాలీ వెనకే మా ఇద్దరి కాగితమూ ఉంది. ఆయనది చర్చి, మాది సత్యనారాయణ వ్రతం, కాబట్టి ఆ చట్టమే మాకు దిక్కయింది. ముప్ఫై రోజులంటే మాటలు కాదు. రోజూ ఎవరో ఒకరు చూసి నాన్నకి చెప్పేస్తారేమోనని పొట్టలో రాయి పెట్టుకుని తిరిగాను. చెప్పారు కూడా. నాన్నతో పనిచేసే మాస్టారు ఒకాయన పొలం రిజిస్ట్రేషనుకి వచ్చి బోర్డు చూసి, చిరునామాతో సహా రాసుకుని వెళ్ళి ఇచ్చారు. మర్నాడే నాన్న ఆఫీసుకి వచ్చారట. ఇది తర్వాత గుమాస్తా చెప్పగా తెలిసిన సంగతి. కళ్ళజోడు పెట్టుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారట. ఈయనెవరో గొడవ చేస్తాడని గుమాస్తా అభ్యంతరాల పుస్తకం తీసి సిద్ధంగా పెట్టుకున్నాడట. నాన్న లోపలికి వచ్చి, జాలీ తలుపు తాళం తీయమని అడిగి, జేబులో కలం తీసి, మా ఇంటిపేరులో ఒత్తు తప్పుపడితే దిద్ది, తలుపు మూసి వెళ్ళిపోయారట. ప్రభుత్వ కాగితం మీద చెయ్యి వేయకూడదని చెప్పడానికి గుమాస్తాకి నోరు రాలేదు. తెలుగు మాస్టారు కదా మరి. ఆ తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మా పెళ్ళి నోటీసులో తప్పు లేకుండా మాత్రం చూశారు.

ఆయన కూతుర్ని నేను. కళ్ళెదుట అంత తప్పుంటే సంతకం పెట్టి వచ్చాను.

ఇక భోజనాల దగ్గర జరిగింది. నేను ఈ గొడవంతా చెప్పుకుంటుంటే మా ఆయన పెరుగు కలుపుకుంటూ, “అయినా ఇద్దరు ఆడపిల్లల పెళ్ళన్నది అయిపోయిన కథ కదా, కోర్టే కాదంది, జనం ఇంకా సిద్ధంగా లేరు,” అన్నారు. జనం సిద్ధంగా లేరట! ఎవరంటున్నారు ఈ మాట? 1997లో మన పెళ్ళికి జనం సిద్ధంగా ఉన్నారా? మీ అమ్మగారు సిద్ధంగా ఉన్నారా? (అత్తయ్య అక్కడే ఉన్నారు. చారు ఇంకాస్త వేసుకున్నారు.) దానికి ఆయన తాపీగా, “మనకి చట్టం ఉంది,” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది అందుకే. ఆ చట్టం 1954లో వచ్చింది. అప్పుడు పార్లమెంటులో కూర్చున్నవాళ్ళు వీధివీధికీ వెళ్ళి, హిందూ అమ్మాయి క్రైస్తవుణ్ణి చేసుకోవడానికి మీరంతా సిద్ధమేనా అని అడిగి చేశారా? అడిగి ఉంటే మనిద్దరం ఇవాళ ఒకే పెరుగు గిన్నె ముందు కూర్చునేవాళ్ళం కాదు. పైన అమ్మాయిలలాంటివాళ్ళు సుప్రీం కోర్టుకి వెళ్ళి అడిగింది కూడా అదే చట్టంలో చోటు. కేసు వేసినవాళ్ళలో ముందు పేరు హైదరాబాదు జంటదే. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పెళ్ళి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర ఐదుగురూ ఒకటే. కలిసి బతకడానికి పెళ్ళి కాకపోయినా ఏదో ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలని ఇద్దరన్నారు, అది కోర్టు పని కాదని ముగ్గురన్నారు. పునఃపరిశీలన కోరితే 2025 జనవరిలో అదీ కొట్టేశారు. బంతి పార్లమెంటు ముంగిట పడింది.

కోపంతో ఇంతవరకు రాసి ఆగాను. పార్లమెంటు ముంగిట పడటం అంత చెడ్డదా అని.

కోర్టు ఇచ్చినదాన్ని కోర్టే తీసుకోవడం మనం చూడలేదా? ఇలాంటి సంబంధాలని నేరమనే 377 సెక్షను విషయంలో 2009లో ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది, 2013లో సుప్రీం కోర్టు నేరమేనంది, 2018లో మళ్ళీ అదే కోర్టు కాదంది. మధ్యలో ఆ ఐదేళ్ళు బతికినవాళ్ళ సంగతి? సభలో చట్టం చేస్తే అలా పూటకో మాట ఉండదు. అలాగని సభని తలుచుకుంటే నీరసం వస్తుంది. 2015 డిసెంబరులో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ ఆ సెక్షను మార్చాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం తరఫున కాక సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, తెస్తే, చర్చ సంగతి దేవుడెరుగు, ప్రవేశపెట్టనివ్వడానికే ఒప్పుకోలేదు. 71 మంది వద్దన్నారు, 24 మంది సరేనన్నారు. సభలో 500 మందికి పైగా ఉంటే ఓటు వేసినవాళ్ళు వందమంది లేరు. మిగతావాళ్ళకి ఆ సాయంత్రం వేరే పనులున్నట్టున్నాయి. 2022లో మరో ఎంపీ సుప్రియా సూలే, ఇలాంటి జంటలకీ చోటిచ్చేలా ప్రత్యేక వివాహ చట్టం మార్చాలని అలాంటి బిల్లే పెట్టారు. ప్రైవేటు బిల్లు ఏదైనా చట్టమై బయటికి వచ్చింది 1970లో చివరిసారి. కాబట్టి ఆ దారిన ఆశ పెట్టుకోనక్కర్లేదు.

పోనీ పార్టీలా? కేసు నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాలని అభిప్రాయం అడిగితే వెంటనే వద్దని చెప్పినవి మూడు, అస్సాం, రాజస్థాన్, మన ఆంధ్రప్రదేశ్. అప్పుడు అస్సాంలో బీజేపీ, రాజస్థాన్‌లో కాంగ్రెస్, ఆంధ్రలో వైసీపీ. మరే విషయంలోనైనా ఆ ముగ్గురూ ఒకే మాట మీద నిలబడగా మీరు చూశారా? మరుసటేడు ఎన్నికల ప్రణాళికలో అదే కాంగ్రెస్ విస్తృత సంప్రదింపుల తర్వాత ఇలాంటి జంటల కలయికని గుర్తించే చట్టం తెస్తామని రాసింది. “విస్తృత సంప్రదింపుల తర్వాత” అన్న మాట చూస్తే నాకు మా పాత ఇంటి ఓనరు గుర్తొస్తాడు. గోడ చెమ్మ సంగతి అడిగినప్పుడల్లా మేస్త్రీతో మాట్లాడుతున్నానండీ అనేవాడు.

అయితే ఈ పట్టింపులో నేనూ ఒక అబద్ధం ఆడుతున్నాను. చట్టం వస్తే చాలన్నట్టు రాశాను పైన. వితంతు వివాహాల చట్టం వచ్చింది 1856లో. మన రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి పెళ్ళి చేయించింది 1881 డిసెంబరులో. మన వైపు ఇరవై ఐదేళ్ళు ఆ చట్టం పుస్తకంలో పడి నిద్రపోయింది, లేపడానికి ఒక మనిషి తిట్లు తినాల్సి వచ్చింది. అంటే మా ఆయన మాటలో సగం నిజమే. (ఇది ఆయనకి చెప్పను.) కానీ రెండో సగం? తైవాన్‌లో 2018 నవంబరులో ఇలాంటి పెళ్ళిళ్ళ మీద జనాన్ని ఓటు అడిగితే వద్దన్నారు. 2019 మే నెలలో చట్టం వచ్చింది. వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్ళు గడువు పెట్టి ఉంది కాబట్టి వచ్చింది. జనాన్ని నొప్పించకూడదని ఆ చట్టం పేరులో పెళ్ళి అన్న మాట రానివ్వలేదట. గడుసువాళ్ళు. థాయిలాండ్ పార్లమెంటు తనంతట తానే చేసింది, 2025 జనవరినుంచి అమల్లో ఉంది. మన దగ్గర గడువు పెట్టే కోర్టూ లేదు, తనంతట తాను కదిలే సభా లేదు.

మనకున్నవి ఉత్తర్వులు. 2024 ఆగస్టులో కేంద్రం ఇలాంటి జంటలని రేషను కార్డుకి ఒకే ఇంటివాళ్ళుగా చూడమని, జాయింటు బ్యాంకు ఖాతాకీ నామినీకీ అడ్డు లేదని కాగితాలు పంపింది. అప్పుడు వార్త చదివి, పెళ్ళి అడిగితే బియ్యం ఇచ్చారని వెటకారం చేశాను. పైన పెద్దమ్మాయి మాత్రం మరుసటి వారమే బ్యాంకుకి వెళ్ళి ఖాతా తెరిచి, పాసు పుస్తకం తెచ్చి నాకు చూపించింది. ఇద్దరి పేర్లూ ఒకే వరసలో. ఆ పుస్తకానికి పసుపు రంగు అట్ట వేసుకుంది, బడిపిల్లలా. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో ఇక్కడ రాయాల్సింది. రాయలేదు. కోపం వస్తేనే కదా నాకు చేతులు ఆడేది.

ఇంకొకటి గుర్తొస్తోంది ఇప్పుడు. కిందటి వేసవిలో చిన్నమ్మాయికి అపెండిక్స్ ఆపరేషను. ఆసుపత్రిలో సంతకానికి కాగితం ముందు పెట్టి, మీరేమవుతారు అని నర్సు అడిగితే, పెద్దమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా “అక్కని” అంది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. గొడుగులా తోచింది. మరి ఆ లేఖరి రాసింది కూడా వాళ్ళు ఏనాటినుంచో పట్టుకు తిరుగుతున్న గొడుగే కదా. నేను ఆ దుకాణంలో గొంతెత్తి “అక్కాచెల్లెళ్ళు కాదు” అని ఉంటే, తర్వాతి ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేనా, వాళ్ళా? నాన్న దిద్దింది తన ఇంటిపేరు. ఇది నా పేరు కాదు.

అలాగని నేను మౌనంగా ఉన్నది ఇంత ఆలోచించా? కాదు. ఎండగా ఉంది, వెనక వరసలో నలుగురున్నారు, ఆ లేఖరికి మా వీధి తెలుసు. అందుకు.

పత్రం ఇక్కడే బల్లమీద ఉంది. కొట్టేసి దిద్దుదామన్నా దాని బదులు రాయడానికి ఏ మాట ఉంది? స్నేహితురాళ్ళు అంటే మరో అబద్ధం. దంపతులు అంటే సర్కారు ఒప్పుకోదు. అద్దెకుండేవారు అని ఊరుకుంటే నిజమే కానీ, అదే మాట మొదటే రాసి ఉంటే ఈ రాత్రి నేను నిద్రపోయి ఉండేదాన్ని.

రేపు పైకి వెళ్ళి అడుగుతాను, ఉంచమంటారా, మార్చమంటారా అని. ఉంచమంటే వచ్చే పదకొండు నెలలూ అక్కాచెల్లెళ్ళే. వాషింగ్ మెషీన్ సంగతి కూడా పనిలో పనిగా చెప్పాలి.

టీవీ ఆపేశారు. మళ్ళీ మంచినీళ్ళకి వస్తున్నట్టున్నారు.