పాత ఎమ్‌జీబీ డ్యాష్‌బోర్డులో మిణుకు మిణుకుమనే ఎర్రలైటు

పగలైతే కంటికి ఆనదు. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసుకుని రణస్థలం దాటుతుంటే, ఎమ్‌జీబీ అనే ఈ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ లైటు కుంపట్లో ఆరబోయే నిప్పులా ఎర్రగా కనిపిస్తుంది. పూర్తిగా వెలగదు, అలాగని ఆరదు. చూపించిన ప్రతి షెడ్డులోనూ ఒకటే మాట: "డైనమో పోయింది సార్, మార్చేద్దాం." డబ్బులు పెట్టి మారిస్తే రెండ్రోజులకి మళ్ళీ అదే నిప్పు.

షెడ్డువాళ్ళు డైనమో అనేది ఆల్టర్నేటర్‌ని, అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేదాన్ని. ఆ లైటు ఆల్టర్నేటర్ పని చేస్తోందో లేదో నేరుగా చెప్పేది కాదు. దానికి రెండు కొసలున్నాయి. ఒక కొస ఇగ్నిషన్ స్విచ్చి నుంచి వచ్చే తెల్ల వైరు. రెండోది ఆల్టర్నేటర్ చిన్న టెర్మినల్‌కి పోయే గోధుమరంగు వైరు, దాని మీద పసుపు గీత ఉంటుంది. రెండు కొసల్లోనూ వోల్టేజీ సమానంగా ఉంటే లైటు వెలగదు, తేడా ఉంటే వెలుగుతుంది. తేడా ఎంతో వెలుగు అంత. ఇది తలకెక్కితే సగం పని అయిపోయినట్టే.

మన వైపు వాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది. ఎమ్‌జీబీలోది బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజను, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ అదే కుటుంబం. వైర్ల రంగులూ అదే బ్రిటిష్ పద్ధతి: గోధుమరంగు ఎప్పుడూ లైవు, తెలుపు తాళం తిప్పాక లైవు, ఆకుపచ్చది ఫ్యూజు దాటాక వచ్చే లైవు, నలుపు ఎర్త్, అంటే బండి బాడీకి కలిసేది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో అంబాసిడర్ టాక్సీల మీద చెయ్యి తిరిగిన పాత ఎలక్ట్రీషియన్ దొరికితే, ఎమ్‌జీబీ బానెట్ ఎత్తాక ఆయనకి కొత్తగా నేర్పాల్సింది పెద్దగా ఉండదు. స్కానర్ పట్టుకుని వచ్చే కుర్రాడికి ఈ బండిలో దాన్ని గుచ్చడానికి చోటే దొరకదు.

పని మొదలెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. 1967 చివరి దాకా వచ్చిన బండ్లు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిసి ఉంటుంది. వాటిలో ఉండేది నిజంగానే డైనమో, పక్కన దాని ఛార్జింగుని అదుపు చేసే కటౌట్ డబ్బా. ఆ తర్వాతవి నెగటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్. ఇక్కడ రాస్తున్నది రెండో రకం గురించి. పాత రకంలోనూ లైటు సూత్రం అదే, టెర్మినళ్ళ పేర్లు వేరు.

తాళం తిప్పండి, స్టార్ట్ చెయ్యకండి. లైటు నిండుగా వెలగాలి. వెలగకపోతే ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు పీకి, గోధుమ-పసుపు వైరు కొసని ఇంజను బాడీకి ఆనించండి. ఇప్పుడు వెలిగిందంటే బల్బు, వైరు బాగానే ఉన్నట్టు. తప్పు ఆల్టర్నేటర్ లోపలుంది, ఎక్కువగా అరిగిన కార్బన్ బ్రష్షులు. హోల్డరు బయటికి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ కనిపిస్తే మార్చాలి. అప్పటికీ వెలగకపోతే బల్బు, హోల్డరు, తెల్ల వైరు వరసగా చూసుకోండి. ఆనించేది గోధుమ-పసుపు వైరే అని రెండుసార్లు చూసుకోండి. పక్కనున్న లావు గోధుమరంగు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, మధ్యలో ఫ్యూజు లేదు. అది బాడీకి తగిలితే నిప్పురవ్వలతో ఆగదు, మొత్తం వైరింగు కరిగిపోతుంది.

బల్బు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అక్కడుండేది 12 వోల్టుల 2.2 వాట్ల బల్బు. దాని గుండా పోయే 0.18 ఆంపియర్ల కరెంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్‌కి మొదట అయస్కాంత శక్తినిచ్చి లేపేది. కొత్తగా ఉంటుందని ఎల్‌ఈడీ పెట్టారనుకోండి, దానికా ఓపిక లేదు. ఇంజను గట్టిగా రేస్ చేస్తే తప్ప ఛార్జింగు మొదలవదు. ఎల్‌ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కలపండి. నా మట్టుకు పాత బల్బే మేలు.

ఇంజను నడుస్తుండగా లైటు నిండుగా వెలిగితే ఛార్జింగు లేదని అర్థం. ముందు బెల్టు చూడండి, పొడవాటి వైపు బొటనవేలితో నొక్కితే 13 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం దిగాలి. తర్వాతే బ్రష్షులు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్. ఇందులో తికమకేమీ లేదు.

తికమక పెట్టేది మసక వెలుగే. మల్టీమీటరు తీయండి. ఇంజను 1500 ఆర్‌పీఎమ్‌లో పెట్టి, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను, వైపర్లు అన్నీ వేసేయండి. బరువు మోయించకపోతే జబ్బు బయటపడదు. ముందు బ్యాటరీ కొసల మధ్య చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 1974 దాకా వచ్చిన ఎమ్‌జీబీల్లో సీట్ల వెనక, నేల పలక కింద 6 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా ఉంటాయి. అప్పుడు మొదటిదాని పాజిటివ్‌కీ రెండోదాని నెగటివ్‌కీ మధ్య కొలవాలి. ఆ రెంటినీ కలిపే కేబులు ఎవరి కంటా పడదు, తెల్ల పొట్టు పూసి కూర్చుంటుంది. వంటసోడా ఒక చెంచా గ్లాసుడు నీళ్ళలో కలిపి కడిగితే పోతుంది. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు.

ఇప్పుడు ఎర్ర ప్రోబు ఆల్టర్నేటర్ పెద్ద టెర్మినల్ మీద, నల్ల ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. 0.3 వోల్టులు దాటితే మధ్యలో ఎక్కడో అతుకు చెడింది, ఎక్కువగా సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) దగ్గరి నట్టు. తర్వాత నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది ఆల్టర్నేటర్ బాడీ మీద. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఇంజను ఎర్త్ పట్టీ చూడండి. ఎమ్‌జీబీలో ఇంజను, గేరుబాక్సు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి, కాబట్టి ఆ అల్లిక పట్టీ ఒక్కటే ఎర్త్ దారి. గేరుబాక్సు దింపినప్పుడు దాన్ని తిరిగి బిగించడం మరిచిపోవడం మామూలే. అప్పుడు సెల్ఫ్ కరెంటు మొత్తం చోక్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ బటను పట్టుకుంటే వేడిగా తగిలిందా? పట్టీ లేనట్టే, మీటరు అక్కర్లేదు.

అటూ ఇటూ బాగుంటే మిగిలింది తెల్ల వైరు. ఆల్టర్నేటర్ చిన్న టెర్మినల్ దగ్గర 14.2, తెల్ల వైరు బల్బు చేరేచోట 13 చూపించిందనుకోండి, ఆ 1.2 వోల్టులే మీ మిణుకు. ఆల్టర్నేటర్ భేషుగ్గా ఉంది. ఇగ్నిషన్ స్విచ్చి లోపలి కాంటాక్టులు అరిగిపోయాయి, లేదా తెల్ల వైరు మీది బుల్లెట్ కనెక్టర్ (వైరు కొసన తూటాలాంటి మొన, దాన్ని పట్టే గొట్టం) చిలుము పట్టింది. తాళాన్ని కొంచెం అటూ ఇటూ కదిలిస్తే లైటు వెలుగు మారితే స్విచ్చే. మన దగ్గర మసకలైటు కేసులకి నేను ముందు అనుమానించేది దీన్నే, ఆల్టర్నేటర్‌ని కాదు.

కళింగపట్నం, భోగాపురం, బారువ తీరంలో ఉప్పుగాలి ఈ బుల్లెట్ కనెక్టర్లని తినేస్తుంది. నల్ల రబ్బరు తొడుగు బయటికి కొత్తదానిలాగే ఉంటుంది. లాగి చూస్తే లోపలి ఇత్తడి గొట్టం పచ్చగా, పొడిపొడిగా రాలుతుంది. దాన్ని గీకి మళ్ళీ తొడగడం కంటే కొత్త స్లీవు వెయ్యడం నయం. బుల్లెట్‌ని మాత్రం సన్నటి ఎమరీ పేపరుతో తళుక్కుమనేలా రుద్ది, వాజిలిన్ పలచగా రాసి బిగించండి. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండో నిమ్మకాయో వాడొద్దు. ఆ పులుపు సందుల్లో మిగిలిపోయి నెల తిరక్కుండానే మళ్ళీ చిలుము పట్టిస్తుంది. 2018లో తిత్లీ లాంటి తుఫాను వచ్చినప్పుడు షెడ్డులోకి నీళ్ళొచ్చిన బండైతే ఫ్యూజు డబ్బా క్లిప్పులు కూడా విప్పి చూడాలి.

ఫ్యూజుల దగ్గర పెద్ద మోసం ఒకటుంది. బ్రిటిష్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది 35 ఆంపియర్ల దగ్గర కాలిపోతుందని అర్థం. నిలకడగా మోసేది 17 మాత్రమే. బజారులో మామూలు 35 ఆంపియర్ల ఫ్యూజు కొని పెడితే, ఫ్యూజు కాలదు, వైరు కాలుతుంది. 15 ఆంపియర్లది పెట్టండి.

లైటు వెలుగు రేసుతో పాటు పెరుగుతుంటే దారి వేరు, డయోడ్ల మీద అనుమానం. ఆల్టర్నేటర్‌లో పుట్టే ఏసీ కరెంటుని డీసీగా మార్చేవి అవే. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి ఆల్టర్నేటర్ పెద్ద టెర్మినల్ దగ్గర కొలవండి. అర వోల్టు దాటితే డయోడ్ ప్యాకు పోయినట్టే. తాళం తీసేశాక కూడా లైటు సన్నగా వెలుగుతోందంటే డయోడ్ షార్టయ్యింది. వెంటనే ప్లగ్గు పీకేయండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబులు ఊడదీసి ఛార్జింగు "పరీక్షించే" అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. డైనమో రోజుల్లో చెల్లింది. ఇప్పుడు ఆ ఒక్క పనికే డయోడ్లు, రెగ్యులేటర్ కలిసి పోతాయి.

మిగతా లైట్లలో అంత లోతు లేదు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ లైటు మిణుకుమంటే వెనక ల్యాంపు ఎర్త్ చెడింది, డిక్కీలోని నల్ల వైరు నట్టు తీసి గీకండి. పెట్రోలు ముల్లు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తే డ్యాష్‌బోర్డు వెనకున్న మీటర్లకి వోల్టేజీ నిలకడగా ఇచ్చే 10 వోల్టుల స్టెబిలైజరుకి ఎర్త్ అందలేదు. ఎమ్‌జీబీకి ఆయిల్ ప్రెజరు మీటరుంది కాబట్టి లైటు బెడద లేదు. ఆయిల్ లైటున్న వేరే పాత బండైతే స్విచ్చి వైరు ఊడదీయండి: లైటు ఆరితే స్విచ్చో ఆయిలో, ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి ఒరుసుకుంటోంది. ఆరినప్పుడు స్విచ్చి మీదకి నెట్టేసి నడపకండి. ఆ రంధ్రంలో ప్రెజరు గేజి బిగించి చూశాకే రోడ్డెక్కండి.