సమాధానం కాదని తెలిసే కొట్టిన మాట

ఆదివారం. అన్నయ్యా వదినా పెళ్లికని తుని వెళ్తూ చిన్నదాన్ని నా దగ్గర దించి వెళ్లారు. ఇంటర్ చదువుతోంది. నేను రోజూ వర్డిల్ ఆడతాను, దాచిన అయిదక్షరాల ఇంగ్లీషు మాటని ఆరు ఊహల్లో పట్టుకునే ఆట. కొట్టిన అక్షరం సరైన గడిలో ఉంటే పచ్చ, మాటలో ఉండి గడి వేరైతే పసుపు, అసలు లేకపోతే బూడిదరంగు. పొద్దున ఇడ్లీ ప్లేటుతో నా పక్కన కూర్చుని, నా ఫోన్లో వర్డిల్ చూసి "అత్తా, రోజూ క్రేన్‌తోనే ఎందుకు మొదలుపెడతావు? మా ఫ్రెండ్స్ అందరూ ఆడ్యూ (ADIEU) కొడతారు, నాలుగు అచ్చులు ఒకేసారి తేలిపోతాయి కదా" అంది.

తేలతాయి, కానీ ఎ, ఇ ఉన్నాయని తెలిసినా ఇంకా వందల మాటలు మిగులుతాయి. వాటిని విడగొట్టేది హల్లులే. క్రేన్‌లో రెండు అచ్చులు, వాటితో సి, ఆర్, ఎన్ ఉన్నాయి. స్లేట్ కూడా అంత మంచిదే. అక్షరం ఏ గడిలో ఉందన్నదీ ముఖ్యమే. ఈ ఆటకి మొదట్లో పెట్టిన 2,315 సమాధానాల్లో ఎస్‌తో మొదలయ్యేవి 360 పైన, ఎస్‌తో ముగిసేవి 40 లోపే. బహువచనాలు దాదాపు లేవన్నమాట. అందుకే చివరి గడిలో ఎస్ పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

వింత మాటల కోసం వెతుక్కోవద్దని కూడా చెప్పాను. జోష్ వార్డిల్ ఈ ఆటని తన సహచరి పలక్ షా కోసం తయారుచేశాడు. అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు పన్నెండు వేల దాకా ఉంటే, వాటిలో తనకి తెలిసినవి ఏరి జాబితాని రెండున్నర వేలకి దించింది ఆవిడే. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కున్నాక కూడా సమాధానాలు మామూలు మాటలే.

క్రేన్‌కి సి, ఎ పసుపు వచ్చాయి. రెండోసారి ల్యాచ్ (LATCH) కొడితే ఎల్ ఒక్కటి బూడిదరంగు, మిగతా నాలుగూ పచ్చ. చిన్నది ఎగిరి గంతేసింది. "మ్యాచ్ కొట్టత్తా, మ్యాచే!"

ఇక్కడ ఆగాలి. నాలుగు పచ్చ గడులు చూడగానే చెయ్యి ఆగదు, ఆట పోయేదీ అక్కడే. బ్యాచ్, హ్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్ ఇంకా అయిదు మిగిలాయి. (సి మొదటి గడిలో లేదని క్రేన్ ముందే చెప్పింది, కాబట్టి క్యాచ్ లేదు.) మాకున్నవి నాలుగే అవకాశాలు. ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే అయిదోది మిగిలిపోవచ్చు.

బంపీ (BUMPY) కొట్టాను. "అది ఎలాగూ కాదు కదా!" అని అరిచింది. కాదు. కానీ అందులో బి, ఎమ్, పి మూడూ ఉన్నాయి. మూడింట్లో ఏది వెలిగినా నాలుగో మాటకే ఆట అయిపోతుంది. ఏదీ వెలగకపోతే హ్యాచ్, వాచ్ రెండే మిగులుతాయి, అవకాశాలు మూడుంటాయి. ఓడిపోవడమన్నదే లేదు. పి పసుపు వచ్చింది. ప్యాచ్.

నాకు ఈ ఆటలో ఇంత ఇష్టమైన క్షణం ఇంకోటి లేదు. గెలవాలని కొట్టే మాట వేరు, తెలుసుకోవాలని కొట్టే మాట వేరు. మాస్టర్‌మైండ్ అని దాచిన రంగుల బిళ్లల వరసని ఊహించే ఆట ఉంది, ఆరు రంగులు, నాలుగు చోట్లు, 1,296 అమరికలు. ఏ అమరికనైనా అయిదు ఊహల్లోపు పట్టుకోవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో చూపించాడు. ఆయన పద్ధతి కూడా ఇదే. మిగిలేవాటిని వీలైనంత తగ్గించే ఊహని ఎంచుకోవాలి, అది సమాధానం అయ్యే అవకాశం లేకపోయినా సరే. ఇది చెప్తే చిన్నది ఇడ్లీ మర్చిపోయి విన్నది.

డాలస్‌లో ఉన్న చెల్లెలికి రంగుల గడులు మాత్రం పంపాను. ఎవరి ఊళ్లో అర్ధరాత్రి దాటితే వాళ్లకి కొత్త మాట వస్తుంది, దానికప్పటికి ఇంకా నిన్నటిదే. మూడో వరుస ఒక్కసారిగా అంత బూడిదరంగులో ఉందేమిటని అడిగింది. రేపు చెప్తానన్నాను.

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే హార్డ్ మోడ్ గురించి వాదన. అదే అసలు ఆట అంటుంది చిన్నది. అందులో వచ్చిన పచ్చ అక్షరాల్ని వదలకూడదు కాబట్టి బంపీ లాంటి మాటకి దారి లేదు. అయిదింటిలో ఏదో ఒకటి తగలాలని దణ్ణం పెట్టుకోవడమే. నాకది నచ్చదు. ఆడేవాళ్లు మాత్రం రెండో మాట దగ్గరే జాగ్రత్తపడాలి. ల్యాచ్ లాంటి, ఒక్క అక్షరమే తేడా ఉన్న మాటల పెద్ద కుటుంబంలోకి అంత తొందరగా దిగకూడదు.

అలాంటి కుటుంబాలు ఇంకేమున్నాయని కాగితం తీసుకుంది. నేను లైట్, నైట్, రైట్, ఫైట్, టైట్ చెప్పాను. సౌండ్, రౌండ్, పౌండ్ కూడా. తనంతట తను రాసుకున్నవి కవర్, లవర్, మూవర్, రోవర్, హోవర్. సాయంత్రం దాకా పెన్ను నములుతూ కూర్చుని, దీపాలు పెట్టే వేళకి వంటింట్లోకి వచ్చింది. "అత్తా, క్లైంబ్! సి, ఎల్, ఎమ్ మూడూ ఉన్నాయి. అన్నీ బూడిదరంగు వస్తే రోవర్, హోవర్ రెండే మిగులుతాయి."