అనాసపండు, కొబ్బరిపాలు, రమ్ము

రమ్ముతో కలిపే తీపి కాక్‌టెయిళ్ళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పీనా కొలాడా. దాన్ని ఇంట్లో చేయడం మొదలుపెట్టిన కొత్తలో ప్యాకెట్ అనాస రసం, డబ్బా కొబ్బరిపాలు, పైన రెండు చెంచాల పంచదార వేసి కలిపేవాణ్ణి. రెండు గుక్కలు తాగేసరికే మొహం మొత్తేది. ప్యాకెట్ రసంలో అప్పటికే చక్కెర ఉంటుందనీ, ఆ తీపిని ఆపే పులుపు నా గ్లాసులో ఎక్కడా లేదనీ గ్రహించడానికి ఒక వేసవి మొత్తం పట్టింది.

ఈ పానీయం పుట్టిల్లు కరీబియన్ ద్వీపమైన ప్యూర్టో రికో. సాన్ హువాన్‌లోని కరీబ్ హిల్టన్ హోటల్లో 1954లో రామోన్ మర్రేరో అనే బార్టెండర్ దీన్ని తయారుచేశాడని ఆ హోటల్ చెబుతుంది, ఆ ఘనత తమదేననే వాళ్ళు ఇంకా ఉన్నారు. 1978లో ఆ ద్వీపం దీన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించింది. పేరుకు స్పానిష్‌లో అర్థం ‘వడకట్టిన అనాస’. అక్కడ ఇందులో పోసేది తీపి కలిపిన చిక్కటి కొబ్బరి క్రీము. కొబ్బరికాయ కొట్టి పాలు తీయడం చిన్నప్పటి నుంచీ చూసిన మనకు దాన్ని ఇంట్లో చేసుకోవడం ఏమంత కష్టం కాదు. తురిమిన కొబ్బరిలో చాలా కొద్దిగా గోరువెచ్చటి నీళ్ళు పోసి, రుబ్బి, పలుచటి గుడ్డలో పిండితే వచ్చే మొదటి పాలు మాత్రమే తీసుకోవాలి. 200 మిల్లీలీటర్ల పాలకు 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేసి, చక్కెర కరిగేదాకా సన్నటి సెగ మీద కలిపితే చాలు; మరగనిస్తే పాలు విరిగి నూనె తేలుతుంది. ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైకి చేరి గడ్డకడుతుంది కనుక వాడే ముందు బాగా కలుపుకోవాలి, రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

అనాసపండును ముక్కలు కోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టుకోవడం నేను నేర్చుకున్న అన్ని పద్ధతుల్లోకీ ఎక్కువగా ఉపయోగపడింది. ఆ ముక్కలే చల్లదనం ఇస్తాయి కాబట్టి ఐసు తక్కువ పడుతుంది, పానీయం నీళ్ళగా మారదు. ఒక గ్లాసుకు 60 మిల్లీలీటర్ల తెల్ల రమ్ము, 45 మిల్లీలీటర్ల కొబ్బరి క్రీము, 100 గ్రాముల అనాస ముక్కలు, నాలుగైదు ఐసు ముక్కలు వేసి మిక్సీ పట్టి, చివర 10 మిల్లీలీటర్ల నిమ్మరసం పిండుతాను. హోటళ్ళవాళ్ళు చెప్పే కొలతల్లో సాధారణంగా నిమ్మరసం ఉండదు, అయినా నా నాలుకకు అది లేనిదే ఈ పానీయం పూర్తికాదు. కొందరు ఇందులో పాలో ఐస్‌క్రీమో వేస్తారు. తాజా అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది కాబట్టి, కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. డబ్బా అనాసను వేడిచేసే నిల్వచేస్తారు గనుక దానితో ఆ ఇబ్బంది లేదు.

చల్లదనం నాలుకకు తీపిని తగ్గించి చూపిస్తుంది. ఐసు వేయకముందు రుచి చూస్తే కొంచెం ఎక్కువ తీపి అనిపించిందంటే, గ్లాసులోకి వచ్చాక సరిగ్గా ఉంటుంది.

మామిడి కాలంలో నేను డైకిరీ వైపు మళ్ళుతాను. క్యూబాలో పుట్టిన ఈ పానీయంలో ఉండేవి రమ్ము, నిమ్మరసం, చక్కెర మాత్రమే, అందుకే ఏ పండు చేర్చినా ఒదిగిపోతుంది. బంగినపల్లికి పీచు తక్కువ, కండ ఎక్కువ కాబట్టి 80 గ్రాముల ముక్కలను రమ్ము, ఐసుతో మిక్సీ వేస్తే వెన్నలా వస్తుంది. చిన్నరసాలైతే పిండిన రసాన్ని వడకట్టి, రమ్ముతోపాటు బిగుతు మూత ఉన్న స్టీలు సీసాలో ఐసు వేసి, సీసా బయట చెమర్చేదాకా పది పదిహేను సెకన్లు గట్టిగా కుదుపుతాను. రెంటిలో రసాల పానీయమే నాకు ఎక్కువ నచ్చుతుంది, ఆ వాసన ఇంకే పండుకూ లేదు. 60 మిల్లీలీటర్ల రమ్ముకు 20 మిల్లీలీటర్ల నిమ్మరసం తప్పనిసరి, చక్కెర నీళ్ళు మాత్రం పండు తీపిని బట్టి ఒకటి రెండు చెంచాలు. పంచదార, నీళ్ళు సమానంగా తూచి, చక్కెర కరగగానే పొయ్యి ఆపాలి. తీగపాకం దాకా పోనిస్తే చల్లటి గ్లాసులో గట్టిపడి అడుగున కూర్చుంటుంది.

మన దగ్గర సులువుగా దొరికేది నల్ల రమ్ము. దాన్ని ఈ పానీయాల్లో మొత్తం పోస్తే పండు వాసన అణగిపోతుంది, రంగూ మసకబారుతుంది. తెల్ల రమ్ముతో కలిపాక నల్లది ఒక్క చెంచా పైన మెల్లగా వదిలితే, మొదటి గుక్కలో మాడిన చక్కెర వాసన, ఆ వెనుక అనాస తెలుస్తాయి.

ఈ తీపి వెనుక మద్యం ఘాటు నాలుకకు అందదు గనుక, మా ఇంటికి వచ్చినవాళ్ళకు నేను ముందే చెబుతాను: 42.8 శాతం రమ్ము 60 మిల్లీలీటర్లంటే దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్. బండి తాళాలు బయట పెట్టి, భోజనం చేశాక గ్లాసు అందుకోమంటాను. రెండో గ్లాసు అడిగినవాళ్ళకు రమ్ము లేకుండా అదే అనాస, కొబ్బరి, నిమ్మరసం కలిపి ఇస్తాను, అదీ అంతే బాగుంటుంది.