వరి జీనోంలో ఎంపింగ్ వేట: సున్నా నుంచి యాభై దాకా

శనివారం రాత్రి

ఎంపింగ్ అనే గెంతుడు డీఎన్‌ఏ ముక్క వరి జీనోంలో (మొత్తం డీఎన్‌ఏలో) ఎన్నిచోట్ల ఉందో నా పాత లాప్‌టాప్‌లో నేనే లెక్కపెడదామని కూర్చున్నా. రెండు గంటల తర్వాత వచ్చిన జవాబు సున్నా.

తప్పు నాదే. జీనోం ఫైళ్లు మూడు రకాలుగా దొరుకుతాయి. ఒకదాంట్లో అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఇంకోదాంట్లో రిపీట్లన్నీ (పదేపదే వచ్చే ముక్కలు, ఎంపింగ్ కూడా వాటిలో ఒకటే) చిన్న అక్షరాల్లో ఉంటాయి. మూడోదాంట్లో రిపీట్ల చోట ఉత్త 'ఎన్'లే. నేను దించుకున్నది ఆ మూడోది. ఇల్లంతా ఊడ్చి చెత్త పారబోశాక, ఆ చెత్తలో పడిన ఉంగరం కోసం ఇంట్లో వెతికినట్టు!

ఎంపింగే ఎందుకంటే, చిన్నది, గుర్తుపట్టడం తేలిక. పొడవు 430 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు). 2003లో మూడు బృందాలు విడివిడిగా దీన్ని బయటపెట్టాయి. ఎడమ కొస 'జి జి సి సి ఏ జి టి సి ఏ సి ఏ ఏ టి జి జి'. కుడి కొసలో ఇవే 15 అక్షరాలు, డీఎన్‌ఏ రెండో పోగు మీద తిరగేసి. గెంతడానికి కావలసిన ఎంజైమ్ జన్యువు దీనికి లేదు. దాని పెద్దన్న పింగ్ దగ్గరో, దూరపు చుట్టం పాంగ్ దగ్గరో ఆ ఎంజైమ్ అరువు తెచ్చుకుంటుంది. సొంత బండి లేకుండా లిఫ్ట్ అడిగి ఊరంతా తిరిగే రకం.

ఆదివారం

ఈసారి నిప్పన్‌బారే రకం జీనోం, ఐఆర్‌జీఎస్‌పీ 1.0 అనే వెర్షన్, చిన్న అక్షరాల ఫైలు. 12 క్రోమోజోములు, సుమారు 37 కోట్ల 30 లక్షల బేసులు. (2005లో పూర్తయిన ఆ అంతర్జాతీయ పనిలో 11వ క్రోమోజోములో కొంత భాగం మనవాళ్లే చదివారు.) ఫైల్లో మాట వెతికే గ్రెప్ కమాండ్‌కి చిన్నాపెద్దా అక్షరాల తేడా చూడొద్దని 'మైనస్ ఐ' చెప్పాక ప్రతులు కనిపించాయి. కానీ అనుకున్నన్ని రాలేదు.

కాసేపు జుట్టు పీక్కున్నాక ఫైలు తెరిచి చూశా. వరుసకి 60 అక్షరాలు. 15 అక్షరాల మాట వరుసలో 60 చోట్ల మొదలవ్వచ్చు. వాటిలో 14 చోట్ల మొదలైతే తోక కింది వరుసలోకి జారిపోతుంది. గ్రెప్ ఒక్కో వరుసనే చూస్తుంది కాబట్టి నాలుగింట ఒకటి దాకా గల్లంతు. హెడర్ (క్రోమోజోము పేరుండే వరుస) వదిలేసి మిగతా వరుసలన్నీ ఆక్ అనే ఇంకో కమాండ్‌తో ఒకే బారుగా కలిపేశా. ఇక్కడో జాగ్రత్త: దొరికిన ముక్క మాత్రమే చూపించమనే 'మైనస్ ఓ' మర్చిపోతే క్రోమోజోమంతా తెర మీదికి వచ్చేస్తుంది. మొదటి క్రోమోజోము అయితే 4 కోట్ల పైచిలుకు అక్షరాలు. నేను ఒకసారి మర్చిపోయా.

కొస మాట ఒక్కటే లెక్కపెట్టినా చాలదు. 15 అక్షరాల మాట యాదృచ్ఛికంగా తగిలే అవకాశం తక్కువే (ఒక పోగులో సగటున ఒకటి కూడా రాదు). కానీ పింగ్‌కీ అవే కొసలు, దాని పొడవేమో 5,300 పైన. అందుకే నమూనా ఇలా రాశా: ఎడమ కొస, మధ్యలో ఏవైనా 400 అక్షరాలు, కుడి కొస. 15, 400, 15 కలిపితే సరిగ్గా 430. ఒకటీ అరా చేరినా జారినా పట్టుకోవడానికి 400ని 395 నుంచి 405గా సడలించా. తర్వాత అటూ ఇటూ మూడేసి అక్షరాలు చూశా. ఎంపింగ్ దూరినచోట 'టి టి ఏ' గానీ 'టి ఏ ఏ' గానీ రెండువైపులా ఒకే ముద్రలా ఉండాలి. ఈ జల్లెళ్లన్నీ దాటినవి చూస్తే, నిప్పన్‌బారేలో సుమారు 50 ఉంటాయని పరిశోధకులు చెప్పిన లెక్క దగ్గరికే చేరా. గింబోజు అనే జపాన్ రకంలోని ఒక వంగడంలో అయితే సుమారు వెయ్యి ప్రతులట. మొక్కకి, తరానికి 40 దాకా కొత్తవి చేరతాయట. గ్రెప్ ఆనందమంతా అక్కడ.

తర్వాతి శనివారం

అన్ని రిపీట్లూ చూద్దామని, వాటిని గుర్తుపట్టే రిపీట్‌మాస్కర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించా. అన్నిటికన్నా చిన్నదని 9వ క్రోమోజోముతో మొదలు, 2 కోట్ల 30 లక్షల బేసులు. నాలుగు కోర్లు ఉన్నాయి కదా అని ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే 'పీఏ' దగ్గర 4 పెట్టా. నేను వాడిన వెర్షన్‌లో దాని లోపల వెతికే ప్రోగ్రాం ఆర్ఎంబ్లాస్ట్ ఒక్కో పనికి నాలుగు కోర్లు తీసుకుంటుంది, అంటే అడిగింది పదహారు. ఫ్యాన్ రోలు రుబ్బినట్టు మోగి, మౌస్ కూడా కదల్లేదు. 1కి తగ్గించి పడుకున్నా, పొద్దున్నకి అయిపోయింది.

ఫలితాల ఫైల్లో వరుసలు లెక్కపెట్టి 'ఇన్ని ప్రతులు' అనుకోకండి. మధ్యలో ఇంకో ట్రాన్స్‌పోజాన్ (గెంతుడు ముక్క) దూరి విడగొట్టిన పాత ప్రతి రెండు మూడు వరుసలుగా వస్తుంది. చివరి గడిలోని నంబరు ఒకటే అయితే అవన్నీ ఒక ప్రతి కింద లెక్క. ఆ గడి ప్రకారం గుంపు చేశాకే నా సంఖ్య కిందికి దిగింది.

ఇక మన బాపట్ల వరి రకం బీపీటీ 5204 చూడాలనుంది. నిప్పన్‌బారేలో లేనిచోట ఎంపింగ్ ఉంటే గ్రెప్ పనికిరాదు. సగం ఎంపింగ్‌కీ, సగం వేరే చోటుకీ అతుక్కునే రీడ్లు (యంత్రం చదివిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పట్టుకోవాలి. బీపీటీ లాంటి ఇండికా రకాల్లో ఎంపింగ్‌లు తక్కువని చదివా, చూద్దాం. ముందు డిస్కులో చోటు కావాలి. అక్క పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతున్నాయి, ఇంకా గంట పట్టేలా ఉంది.