పాకాల కట్ట కింద మిడత వేట

మొన్న ఆదివారం బావా నేనూ బండి మీద నర్సంపేట మీదుగా పాకాల వెళ్లాం. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. కాకతీయుల కాలం నాటి చెరువు, చుట్టూ అడవి, చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నదే. తీరా వెళ్లాక చెరువును చూసింది పావుగంట, మిగతా టైమంతా ఒక మిడతతోనే అయిపోయింది.

కట్ట దిగి ఒక చెట్టు కింద పులిహోర డబ్బా విప్పాను. "బామ్మర్దీ, అక్కడ వద్దు, పైన ఎర్ర చీమల గూడుంది" అని బావ మొత్తుకుంటూనే ఉన్నాడు, నేను వింటే కదా. ఇంతలో వేలెడంత పచ్చ మిడత ఒకటి వచ్చి కాండం మీద వాలింది. ఒక చీమ దాని వెనక కాలు పట్టుకుంది. ఒక్కటే. మిడత దాన్ని ఈడ్చుకుంటూ రెండంగుళాలు పోయింది, ఎంత విదిలించినా వదల్లేదు, అంతలోకే ఇంకో మూడు వచ్చాయి, తర్వాత నాకు లెక్క తప్పింది. ముందు దొరకబట్టినవి వాసన వదిలి మిగతావాటిని పిలుస్తాయట.

కరిచి చంపేస్తాయనుకున్నా. కాదు, లాగాయి. కాళ్లకూ మీసాలకూ రెక్కల అంచులకూ తలా రెండు మూడు తగులుకుని, ఎటువి అటు వెనక్కి, మంచానికి నవారు బిగించినట్టు. మిడత ఎగరాలంటే ముందుగా వెనక కాళ్లు మడవాలి, ఆ కాళ్లే చెరోవైపు సాగిపోయి ఉన్నాయి. అంత పెనుగులాటలోనూ నిలువు కాండం మీద చీమలు జారలేదు, వాటి పాదాలకు అంటుకునే మెత్తలుంటాయి.

గూడు కట్టేటప్పుడూ ఇదే లాగుడు. ఒకదాని నడుం ఒకటి పట్టుకుని గొలుసుగా ఆకుల్ని దగ్గరికి లాగితే, వేరే చీమలు తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, వాటి నుంచి వచ్చే పట్టు దారంతో ఆకుల్ని అతికిస్తాయి.

ఇక మోత. గూడు దాకా నాలుగడుగులు కూడా లేదు, బెరడు దగ్గర ఇరుక్కుని అరగంట పట్టింది. మధ్యలో కాలొకటి ఊడితే ఒక చీమ దాన్ని పట్టుకుని పైకి చక్కా పోయింది. "నా పెళ్లిలో బీరువా మేడెక్కించినట్టే ఉందిరా" అన్నాడు బావ. ఆయన మామిడి తోటలో ఈ గూళ్లు కనపడితే చాలు మందు కొట్టించేస్తాడు, కోతకొచ్చిన కూలీలు కుట్టించుకుని తిడతారని. చైనాలో నారింజ తోటలవాళ్లు పురుగుల బెడద పోవడానికి ఎన్నో వందల ఏళ్ల కిందే ఈ గూళ్లు తెచ్చి మరీ చెట్లకు పెట్టుకునేవాళ్లని చెప్తే, "అక్కడ కాయ కోసేవాళ్లని అడుగు" అన్నాడు.

అప్పటికే నా కాలర్‌లోకి నాలుగైదు దూరాయి. వీటికి ముల్లు ఉండదు, కరిచి ఆ గాటు మీద ఫార్మిక్ ఆసిడ్ చిమ్ముతాయి, మంట మామూలుగా లేదు. నర్సంపేటలో టీకి ఆగినప్పుడు మెడ మీద ఇంకోటి దొరికింది. బావ పీకితే మొండెం వచ్చింది, తల అక్కడే ఉండిపోయింది.