240 నిమిషాల గొడవ

బావతో మళ్లీ గొడవ. ఆయనది బోస్టన్, అక్కడి బాస్కెట్‌బాల్ టీమ్ సెల్టిక్స్ అంటే ప్రాణం, నేనేమో హైదరాబాద్‌లో పొద్దున ఆరింటికి లేచి మ్యాచ్ పెట్టుకునే రకం. బెంచ్ వాళ్లని, అంటే మొదట కోర్టులోకి దిగకుండా పక్కన కూర్చునేవాళ్లని, ఇంకాస్త ఆడించాలంటాను నేను. "ఎక్కణ్ణుంచి తెస్తావురా? మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, మొత్తం 240. మా స్టార్ టేటమ్‌కి నలభై పోతే మిగిలింది పంచుకోవాల్సిందే" అంటాడు. లెక్క కరెక్టే. ఒప్పుకోను, అది వేరే విషయం.

నా వాదనకి సెల్టిక్స్ ఆటగాడు పేటన్ ప్రిచర్డ్ ఒక్కడు చాలు. 2022-23 సీజన్‌లో ఎక్కువగా బెంచ్ మీదే గడిపాడు. 2024 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో, డల్లాస్ మీద, ఫస్ట్ హాఫ్ అయిపోతుండగా సగం కోర్టు దగ్గర్నుంచి విసిరితే బజర్‌తో పాటు నెట్‌లో పడింది, నా చేతిలో టీ సగం లుంగీ మీద పడింది. రెండో మ్యాచ్‌లోనూ మూడో క్వార్టర్ చివర ఇలాంటిదే. 2025లో సిక్స్త్ మ్యాన్ అవార్డు, అంటే బెంచ్ మీంచి వచ్చేవాళ్లలో బెస్ట్‌కి ఇచ్చేది, కూడా అతనికే.

నాకెందుకింత మంట అంటే, కాలేజీ టీమ్‌లో రెండేళ్లు నేనూ బెంచే. వార్మప్ చెమట ఆరిపోయి మోకాళ్లు బిగుసుకున్నాక, ఇంకో రెండు నిమిషాలుందనగా "పోరా" అంటారు, మొదటి పాసే చేతిలోంచి జారుతుంది, వెంటనే వెనక్కి పిలిచి "చూశావా, అందుకే ఆడించట్లేదు" అంటారు. చల్లబడ్డ చేతికి బంతి ఎలా అంటుకుంటుంది సార్?

ఇదంతా బావకి వాట్సాప్‌లో పెట్టా. నీలం టిక్కులు పడి గంటయింది.